ఆరు గంటల వ్యాను

దేవేంద్ర నగర్, రాయ్‌పూర్
12 ఆగస్టు 2018, ఆదివారం

పెదనాన్నకి నమస్కారాలు, పెద్దమ్మకి ముద్దులు.

ముందు కబురు చెప్పేస్తాను, లేకపోతే నా పొట్ట పగిలేట్టుంది. మా టీముకి లీడ్‌గా ఉన్న విజయ్ పుణె వెళ్ళిపోయాడు. ఆ స్థానంలోకి ఎవరు రావాలో మేమే ఎన్నుకోవాలట! పైవాళ్ళు వేసేది కాదు, సీనియారిటీ చూసేది కాదు. పనిచేసేవాళ్ళే ఓట్లేసి పెట్టుకోవాలి. మా మేనేజర్ రవి మొన్న శుక్రవారం అందరినీ నిలబెట్టి చెప్పాడు. ఓటింగు సెప్టెంబరు పదిహేడున. నిలబడుతున్నది ఇద్దరం: టికేశ్వర్ సాహూ అని ఒకబ్బాయి, రెండోది మీ ఉమ.

మీరు పార్వతీపురం వెళ్ళేనాటికి నాకింకా ఉద్యోగం రాలేదు కాబట్టి మా కంపెనీ సంగతి మీకు తెలీదు. లారీల యజమానులకి సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఏ లారీ ఎక్కడుంది, ఏ సరుకు ఎప్పుడు దిగుతుంది, అన్నీ ఫోనులో కనిపిస్తాయి. కొత్తది ఏది తయారైనా యజమానుల చేతికి వెళ్ళేముందు దాన్ని అన్ని వైపులా పొడిచి, ఎక్కడ విరుగుతుందో కనిపెట్టడం నా పని. మీరు రైల్వే వ్యాగన్ షాపులో చక్రాన్ని సుత్తితో కొట్టి చెవి ఒగ్గి వినేవారే, అదే అనుకోండి.

ఆఫీసు నయా రాయ్‌పూర్‌లో, చుట్టూ ఖాళీ రోడ్లు, పైన బోలెడంత ఆకాశం. ఇక్కడ ఎవరినీ 'సార్' అనకూడదు. అంటే జరిమానా డబ్బా ఉంది. నేను చేరిన కొత్తలో ఆ డబ్బా సగం నేనే నింపాను. ఎవరైనా మంచి పని చేస్తే గోడకున్న ఇత్తడి గంట కొడతారు. 'మా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది' అని రవి గది మీద రాసుంటుంది. నిజానికి ఆ గదికి తలుపే లేదు.

ఒక్కటే బాధ. ఊళ్ళోకి మా ఆడవాళ్ళని తీసుకొచ్చే వ్యాను సరిగ్గా ఆరింటికి కదులుతుంది. డ్రైవర్ రామయ్యగారు మన శ్రీకాకుళం ఆయనే, కానీ ఆరు దాటితే సొంత కూతురి కోసమైనా ఆగరు, ఇంకో ట్రిప్పు ఉంది పాపం. రవి పెద్ద మీటింగేమో ఐదూ ముప్పావుకి మొదలుపెడతాడు. మాట రుచి పడేసరికి మేం బ్యాగులు సర్దుకోవాలి. బైకులున్న మగపిల్లలు ఉండిపోతారు, తరవాత రవితో కలిసి మందిర్ హసౌద్ దగ్గర చాయ్ హోటల్లో కూర్చుంటారు. తెల్లారి మేం వచ్చేసరికి అన్నీ తేలిపోయి ఉంటాయి. నేను లీడ్‌నైతే మొదటి పని ఆ మీటింగుని పొద్దుటికి మార్చడం.

మీరు అన్నేళ్ళు యూనియన్ ఎన్నికలు చేశారు కదా, ఓటు ఎలా అడగాలో చెప్పండి. షాపు సుత్తులు మీ చెవులు తినేశాయి కాబట్టి ఫోను లాభం లేదు, పెద్దమ్మది బటన్ ఫోను కాబట్టి మెసేజీ లాభం లేదు. మీ పుణ్యమా అని నాకు ఉత్తరం రాయడం వచ్చింది.

మీ ఓట్ల పిచ్చి అంటుకున్న
ఉమ

*

పార్వతీపురం
19-8-2018

మా ఇంటి మొదటి అభ్యర్థి ఉమారాణికి పెదనాన్న సూరిబాబు ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి పైకి చదివితే మీ పెద్దమ్మ, "మనసులో చదువుకో, వీధి వీధంతా వింటంది" అంది. విననీ!

ముందు ఒక తప్పు దిద్దాలి. చక్రం కొట్టి వినేవాళ్ళు వేరు. మేం షాపులో వ్యాగన్ మొత్తం విప్పి బాగుచేసేవాళ్ళం. పోనీలే, చిన్నప్పుడు చూసింది కలిపేసుకున్నావు.

ఇక అసలు సంగతి. ఓటు గుంపులో అడక్కూడదు. గుంపులో మనిషి అందరికీ ఊ అంటాడు. ఒక్కొక్కడి దగ్గరికి, వాడు పనిచేసే చోటికి, నువ్వే వెళ్ళు. ఆకలి మీదున్నవాణ్ణి అడక్కు. ముందు నీ మాట చెప్పకు, వాడి బాధ అడుగు. విన్నాక ఊరుకో, వెంటనే 'నేను చూసుకుంటాను' అనకు. అలా అన్నవాళ్ళందరూ ఓడిపోవడం నేను చూశాను. డిమాండ్ ఒక్కటే పెట్టుకో. పది డిమాండ్లున్నవాడికి ఒక్కటీ లేనట్టే. నీ డిమాండ్ ఉండనే ఉంది: ఆరు తరవాత నిర్ణయాలు చెల్లవు. దానికి చెయ్యి కలపని కార్మికుడు ఉండడు.

మీ మేనేజ్‌మెంటు పెద్దమనసు గలదే. మా రోజుల్లో యూనియన్ ఎన్నిక అంటే ఆఫీసర్లకి జ్వరం వచ్చేది. మీవాడు తనే నిలబడి ప్రకటించాడంటే ఆశ్చర్యంగా ఉంది. కాస్త కనిపెట్టుకుని ఉండు. నీ గుర్తు ఏమిటో రాయి. మాది లాంతరు.

నీ ఎన్నికల ఏజెంటు
సూరిబాబు

*

దేవేంద్ర నగర్
27 ఆగస్టు 2018

ఏజెంటుగారికి,

గుర్తు లేదు, లాంతరు లేదు! పెదనాన్నా, ఇది యూనియన్ కాదు. మా కంపెనీలో యూనియన్ అనే మాటే లేదు. టీము లీడ్ అంటే పని పంచేవాడు, మీ షాపులో ఛార్జ్‌మన్ లాంటివాడు. కాకపోతే ఇక్కడ ఛార్జ్‌మన్‌ని మేమే ఎన్నుకుంటున్నాం, అంతే తేడా. మళ్ళీ చెప్తున్నాను, యూనియన్ కాదు. నవ్వీ నవ్వీ నాన్నకి పొరబోయింది.

కానీ మీ సలహా బంగారం! ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వెళ్ళాను. భోజనాలయ్యాకే వెళ్ళాను. బాధ చెప్పమంటే మొదట ఒకళ్ళూ నోరు విప్పలేదు, రెండోరోజుకి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నా పక్క బల్ల భాగ్యశ్రీకి మూడేళ్ళ పాప. తను కనిపెట్టిన తప్పుకి వేరే అబ్బాయి గంట కొట్టించుకున్నాడట, తనప్పుడు వ్యాన్లో ఉంది. ఇంకో అబ్బాయికి పొగడ్తంటే భయం. ఎందుకంటే ఇక్కడ తప్పు చెప్పేముందు ఒక పొగడ్త, చెప్పాక ఒక పొగడ్త పెట్టాలని రూలు. రవి "నీ చొక్కా బాగుంది" అంటే చాలు, వాడికి చెమటలు పోస్తాయి.

టికేశ్వర్ని కూడా అడిగాను. "నా ఎదుటి అభ్యర్థివి, నీకు నా బాధ ఎందుకు చెప్తాను?" అని నవ్వాడు, నవ్వి చెప్పాడు. రోజూ ఆ చాయ్ హోటల్లో కూర్చోలేక చస్తున్నాడట. లేస్తే రవి ఏమనుకుంటాడోనని అందరూ కూర్చుంటారు, అందరూ కూర్చున్నారు కదా అని రవి కూర్చుంటాడు. ఒకరోజు నేనూ ఉండి చూశాను. రవి నిజంగానే సంతోషించాడు, "ఎప్పుడైనా రావచ్చు ఉమారాణీ, మాకు తేడాలు లేవు" అన్నాడు. తేడా లేదు సరే, ఇంటికెలా వెళ్ళాలో మాత్రం ఎవరూ అడగలేదు. చివరికి టికేశ్వరే బైకు మీద దింపాడు. మంచివాడు పెదనాన్నా, ఓడించాలంటే మొహమాటంగా ఉంది. అయినా ఓడిస్తాను.

ఛార్జ్‌మన్ కాబోతున్న
ఉమ

*

పార్వతీపురం
3-9-2018

ఉమకి,

నీ ఉత్తరం చేరింది. చదివి మీ పెద్దమ్మతో అన్నాను, "ఈ గుంట మనల్ని మించిపోనాదే" అని.

'ఇది యూనియన్ కాదు' అని రెండుసార్లు రాశావు. నాకు అర్థమైంది. డెబ్భై నాలుగు రైల్వే సమ్మెలో మన ఉత్తరాలు విప్పి చదువుతారని అనుమానం ఉండేది. అప్పుడు నేను మీ తాతకి 'ఇక్కడ సమ్మె ఏమీ లేదు, అందరూ డ్యూటీలో ఉన్నారు' అని రాసేవాణ్ణి. ఆయన చదువుకుని, ఓహో సమ్మె గట్టిగా సాగుతోందన్నమాట అని ఊళ్ళో చెప్పేవాడు. నువ్వు అప్పటికి పుట్టనే లేదు, అయినా ఈ తెలివి ఎలా వచ్చిందో! రక్తంలో ఉంటుంది కాబోలు. సరే, నేనూ అలాగే రాస్తాను. ఇది యూనియన్ కాదు. కాదంటే కాదు.

ఎదుటి అభ్యర్థి బైకెక్కడం మాత్రం మానుకో. మంచివాడైతే మరీ ప్రమాదం.

ప్రేమ్‌చంద్ నీకు గుర్తున్నాడా? వ్యాగన్ షాపులో నా జోడీ, చిన్నప్పుడు నిన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని విశ్వకర్మ పూజకి క్రేన్లు చూపించినవాడు. అతనికి ఒక ఉత్తరం రాశాను. ఏం రాశాననేది నీకు అనవసరం. పదిహేడున విశ్వకర్మ పూజే కదా, మంచిరోజు. పండరీ బట్టల బజారు నుంచి ఎర్రగుడ్డ వస్తుంది, మేలు రకం తీసుకోమన్నాను, రంగు దిగకూడదని. అంతవరకే చెబుతాను.

యూనియన్ కాని దానికి శుభాకాంక్షలతో
సూరిబాబు

*

దేవేంద్ర నగర్
9 సెప్టెంబరు 2018, పోలా పండగ

పెదనాన్నకీ పెద్దమ్మకీ,

ఇవాళ ఆదివారం, వీధిలో పిల్లలు మట్టి ఎడ్లని లాక్కుని తిరుగుతున్నారు. భాగ్యశ్రీ వాళ్ళింటి నుంచి ఠేఠరీ, ఖుర్మీ వచ్చాయి. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో రాస్తున్నాను, నూనె మరకలు క్షమించాలి.

పండరీ గుడ్డ సంగతి చదివి గంతులేశాను. ఎన్నికకి కొత్త బట్టలు పెట్టాలని మీకే తోస్తుంది! కానీ పెదనాన్నా, ఎరుపు నాకు నప్పదు. చామనఛాయ మీద ఎరుపేస్తే మిరపకాయ బజ్జీలా ఉంటానని అమ్మ ఎప్పుడూ అంటుంది. ప్రేమ్‌చంద్ కాకాకి ఇంకా కొనకపోతే నెమలికంఠం రంగు చెప్పండి. చుడీదార్‌కి సరిపడా చాలు. సమ్మె కథ బాగుంది, కానీ ఇది నిజంగానే యూనియన్ కాదండీ బాబూ.

ఇక్కడ వేడిగా ఉంది వ్యవహారం! భాగ్యశ్రీ నా పక్కన ఉంది, పొగడ్తల భయం అబ్బాయీ ఉన్నాడు. ఇంకో ఇద్దరు రవి మొహం చూసి తేల్చుకునేట్టున్నారు. ఓటు చెయ్యెత్తి వెయ్యాలట, అదీ పావుగంటలో అయిపోవాలట, అదీ ఐదూ ముప్పావు మీటింగులోనే. ఆరులోపు తేలకపోతే నా ఓట్లన్నీ వ్యానెక్కి వెళ్ళిపోతాయి. నాకిది కావాలి పెదనాన్నా. జీతం కోసం కాదు. ఒక్కసారి ఆ గదిలో మాట పూర్తయ్యేదాకా కూర్చోవాలని ఉంది.

నెమలికంఠం మర్చిపోకండి.
ఉమ

*

పార్వతీపురం
13-9-2018, వినాయక చవితి
(కార్డు)

ఉమా, రంగు మార్చడం కుదరదు. ఎరుపు ఎరుపే. చుడీదార్‌కి సరిపడా ఏమిటి, నీ ఆఫీసు గేటుకి సరిపడా వస్తుంది. చెయ్యెత్తే ఓటుకి ఒప్పుకోకు, చీటీలు అడుగు. ఉండ్రాళ్ళు తిని రాస్తున్నాను, గణపతి నీ వైపే. సూరిబాబు.

*

దేవేంద్ర నగర్
18 సెప్టెంబరు 2018

పెదనాన్నా,

మీ కార్డు ఇవాళ మధ్యాహ్నం చేరింది. నిన్న చేరి ఉంటే 'గేటుకి సరిపడా' అనే మాట చదివి గేటుకి నేనే అడ్డంగా పడుకునేదాన్ని.

జరిగింది వినండి. పొద్దున్నే మా ఆఫీసులోనూ విశ్వకర్మ పూజ చేశారు, ల్యాప్‌టాప్‌లకి బొట్లు పెట్టి బంతిపూలు చుట్టారు. ఐదూ ముప్పావుకి అందరం కూర్చున్నాం. రవి, "మన సంస్కృతిలో ఇదొక గొప్ప రోజు" అని మొదలుపెట్టాడు. అప్పుడు వినబడింది బ్యాండు! గణేశ్ మండపాల వాళ్ళేమో అనుకున్నాం. అది దగ్గరికొస్తోంది. కిటికీలోంచి చూస్తే టాటా మ్యాజిక్ ఒకటి, దాని నిండా తెల్లజుట్టు మగవాళ్ళు, నుదుటిన గులాల్, చేతిలో లడ్డూ బుట్టలు. బండికి ఈ చివర నుంచి ఆ చివరికి ఎర్ర బ్యానరు. దాని మీద తెల్ల అక్షరాలు: 'ఛే బజే కే బాద్ కా ఫైసలా నహీఁ చలేగా', మీరు నాకు రాసిన 'ఆరు తరవాత నిర్ణయాలు చెల్లవు' అన్న మాటే. కింద నా పేరు, నా పేరుకి ముందు 'కామ్రేడ్'.

నా చుడీదార్, పెదనాన్నా! నా నెమలికంఠం!

సెక్యూరిటీ అతను ఆపాల్సింది పోయి ప్రేమ్‌చంద్ కాకా కాళ్ళకి దణ్ణం పెట్టాడు, వాళ్ళ నాన్నదీ మీ షాపేనట. మ్యాజిక్ వచ్చి గేటుకి అడ్డంగా ఆగింది, ఆగి చచ్చింది, మళ్ళీ స్టార్టు కాలేదు. నేను పరిగెత్తుకుంటూ వెళ్తే కాకా నా మెళ్ళో దండేసి, "నోనీ, తోర్ బడే దదా లిఖే హే, త హమన్ ఆ గేన్" అన్నాడు. పెదనాన్న రాశాడు, మేం వచ్చేశాం, అంతే ఆయన లెక్క! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నోట్లో లడ్డూ పెట్టేశాడు కాబట్టి రెండూ ఆగిపోయాయి.

రవి మొహం సున్నం కొట్టినట్టయింది. "యూనియన్ పెడుతున్నావా? బయటివాళ్ళని తీసుకొచ్చావా? నా తలుపు తెరిచే ఉంది కదా, నన్ను అడగొచ్చు కదా?" అన్నాడు. నిజంగానే మనసు కష్టపెట్టుకున్నాడు. ఓటింగు అక్కడే ఆపేశాడు.

మ్యాజిక్ కదలకపోవడంతో వ్యాను కదల్లేదు, బైకులూ కదల్లేదు. ఆరు దాటాక ఆఫీసులో మేమందరం కలిసి ఉండటం అదే మొదటిసారి. లడ్డూలు తింటూ కూర్చున్నాం. భాగ్యశ్రీ బ్యానరు వైపు చూస్తూ ఉండిపోయి, "ఎవరు రాయించారో గానీ..." అని మాట మింగేసింది.

ఇవాళ పుణె హెడ్డాఫీసు నుంచి మెయిలొచ్చింది. ఎన్నిక రద్దు. లీడ్‌ని అక్కడి నుంచే పంపిస్తారు. ఇరవై నాలుగున నీలిమ అనే హెచ్‌ఆర్ ఆవిడ నాతో వీడియోలో 'సరదాగా నాలుగు మాటలు' మాట్లాడుతుందట. కిందటేడు సరదా మాటలకి పిలిచిన ఇద్దరూ ఇప్పుడు మా ఆఫీసులో లేరు.

మీ మీద కోపంగా ఉంది పెదనాన్నా. దాచుకోను. యూనియన్ కాదని మూడు ఉత్తరాల్లో... మూడు కాదు, రెండే, అయినా చెప్పాను కదా! మీరు నా మాట కాకుండా మీ సమ్మె చదువుకున్నారు. ఉద్యోగం పోతే మాత్రం నేరుగా మీ ఇంటికొచ్చి కూర్చుంటాను, పెద్దమ్మ వండిపెడుతుంది.

ఉమ

*

పార్వతీపురం
22-9-2018

తల్లీ ఉమా,

ఏ మొహంతో రాయను? మీ పెద్దమ్మ రెండు రోజులుగా నాకు కాఫీ గ్లాసు చేతికివ్వడం లేదు, గట్టు మీద పెట్టి పోతోంది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అని ఒకటే పాట. ఆవిడ రైటు. నువ్వు ఉన్నదున్నట్టు రాశావు, నేను లేనిది చదివాను. రిటైరయ్యాక ఎవరూ నన్ను ఏదీ అడగలేదమ్మా. నువ్వు 'ఎలాగో చెప్పండి' అని అడిగేసరికి నాకు కళ్ళు కనబడలేదు. తప్పు నాది.

సలహాలివ్వనని మీ పెద్దమ్మ నా చేత దీపం ముందు ఒట్టు పెట్టించింది. కాబట్టి ఇవ్వను. కావాలంటే రాయ్‌పూర్ వచ్చి మీ రవి ముందు నిలబడి చేతులు జోడిస్తాను, జరిమానా డబ్బా నింపి మరీ 'సార్' అంటాను.

ఒక్కటి మాత్రం అడగనీ, ఇది సలహా కాదు. గుడ్డ తప్పు. బ్యాండు తప్పు. 'కామ్రేడ్' అన్నది ప్రేమ్‌చంద్ సొంత తెలివి, అదీ తప్పే. మిగతా ఆ ఒక్క వాక్యం ఉందే, అది తప్పా?

ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, ఇరవై నాలుగులోపు అందాలని.

తలదించుకున్న
సూరిబాబు

*

దేవేంద్ర నగర్
2 అక్టోబరు 2018, గాంధీ జయంతి, సెలవు

పెదనాన్నా! పెద్దమ్మా! ముందు పెదనాన్న చేతికి కాఫీ ఇవ్వండి, తరవాత చదవండి.

ఇరవై నాలుగు పొద్దున్నే మీ ఉత్తరం వచ్చింది. వ్యాన్లో చదువుకున్నాను. చివర మీరడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాను, ఆఫీసు వచ్చేదాకా ఇంకో లైను చదవలేదు.

నీలిమ తెర మీద కనబడగానే ఉన్నదంతా చెప్పేశాను. ఎర్రగుడ్డ, చుడీదార్, డెబ్భై నాలుగు సమ్మె, తాతా మీరూ రాసుకున్న తలకిందుల ఉత్తరాలు. ఆవిడ నవ్వు ఆపుకోలేక కాసేపు తెర ఆపేసుకుంది. మళ్ళీ వచ్చి, "సరే, పొరపాటని రాసుకుంటాను. బ్యానరు మీద ఉన్నది కూడా పొరపాటేనా?" అంది. అచ్చం మీ ప్రశ్న! పొరపాటే అనేస్తే అక్కడితో పోయేది. "కాదు, అది నిజం" అన్నాను. ఆవిడ అదీ రాసుకుని కాల్ ముగించింది. ఉద్యోగం ఉందో ఊడిందో తెలియకుండానే బయటికొచ్చాను.

మర్నాడు సాయంత్రం ఐదూ ముప్పావుకి రవి మళ్ళీ మీటింగు పెట్టాడు. ఆరుకి కాస్త ముందు భాగ్యశ్రీ లేచింది. రోజూ మేం వంగి, ఎవరికీ అడ్డం రాకుండా, దొంగల్లా బయటపడతాం. ఆరోజు తను నిటారుగా నిలబడి, "మాట సగంలో ఉంది. నేను లేకుండా పూర్తి చెయ్యకండి, రేపు పొద్దున కలుద్దాం" అంది. రవి నోరు తెరిచేలోపు నేను లేచాను. నా వెనక పొగడ్తల అబ్బాయి లేచాడు, వాడికి బైకు ఉంది, అయినా లేచాడు. ఆ వెనక ఎవరు లేచారనుకున్నారు? టికేశ్వర్! బైకు తాళాలు జేబులో వేసుకుని మాతో పాటు వ్యానెక్కాడు. "నాక్కూడా ఒకరోజు ఆరింటికి ఇల్లు చూడాలనుంది" అన్నాడు. రామయ్యగారు అద్దంలో చూసి, "ఏటర్రా, ఇయ్యాల మొగోళ్ళు కూడానా!" అన్నారు. బైకులన్నీ షెడ్డులో ఉండిపోయాయి, రవి గదిలో ఉండిపోయాడు.

ఎవరూ ఏ నినాదమూ ఇవ్వలేదు పెదనాన్నా. ఆరింటికి ఇంటికెళ్ళాం, అంతే. మర్నాడూ అంతే. ఆ తరవాతి రోజూ అంతే. కానీ వ్యాన్లో ఊరుకుంటామా? ఏది ముందు బాగుచెయ్యాలి, ఏది ఆగొచ్చు, అన్నీ సీట్ల మీంచి అరుచుకుంటూ తేల్చేశాం. మీటింగులో వారం పట్టేది మందిర్ హసౌద్ రాకముందే అయిపోయింది!

శుక్రవారం ఆరుకి ఇంకో నిమిషం ఉందనగా రవి వచ్చాడు, చంకలో ల్యాప్‌టాప్. మెట్టు మీద నిలబడి, "నాకు చోటుందా?" అని అడిగాడు. భాగ్యశ్రీ పక్క సీట్లోని తన బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. రవి కూర్చున్నాడు. వ్యాను కదిలాక, "నేనా చాయ్ హోటల్లో కూర్చునేది మీకోసమే అనుకున్నాను. మీరు నాకోసం కూర్చుంటున్నారని నాకు తెలీదు" అన్నాడు. టికేశ్వర్ కిటికీలోంచి బయటికి చూశాడు. నాకు రవి మీద జాలేసింది, ఉన్నమాటే చెబుతున్నాను. నీలిమ పుణెలో మాట్లాడిందట, లీడ్‌ని పంపడం లేదట, ఎన్నిక మీరే చేసుకోండి అన్నారట. ఎప్పుడు చేద్దాం అని రవి అడిగాడు. "ఇప్పుడే" అని వెనక సీటు నుంచి అరిచారు.

సరిగ్గా అప్పుడే దారిలో రైలు గేటు పడింది. వ్యాను ఆగింది, గూడ్సు బండి వచ్చింది. మీ వ్యాగన్లే పెదనాన్నా, తెగవు కదా! ఆ మోతలో పక్కవాళ్ళ మాట కూడా వినబడలేదు. మీరు చీటీలు అడగమన్నారు, చీటీలకి కాగితం లేదు, మాటకి చెవుల్లేవు. ఇక చేతులే. రవి టికేశ్వర్ వైపు వేలు చూపించాడు. టికేశ్వర్ సిగ్గుపడుతూ తనకి తనే ఎత్తుకున్నాడు, పక్కనున్న ఇద్దరు ఎత్తారు. తరవాత వేలు నా వైపు తిరిగింది.

మిగతా చేతులన్నీ లేచాయి. రవి మొహం చూసి తేల్చుకుంటారనుకున్న ఇద్దరూ రవి వైపు చూడనే లేదు. రామయ్యగారు కూడా స్టీరింగు వదిలి చెయ్యెత్తారు, ఆ ఓటు చెల్లదన్నాను గానీ దించలేదు. అందరూ అరుస్తున్నారు, ఒక్క ముక్క వినబడటం లేదు, నోళ్ళు మాత్రం కదులుతున్నాయి. మీకు ప్రపంచం రోజూ ఇలాగే ఉంటుందా అనిపించింది. వినబడకపోయినా అన్నీ తెలిశాయి.

నిన్న సోమవారం నా మొదటి మీటింగు, పొద్దున పదింటికి. మాట చివరిదాకా కూర్చున్నాను. అయిపోయాక కూడా కాసేపు కూర్చున్నాను, ఊరికే. భాగ్యశ్రీ వెళ్ళి గంట కొట్టింది, ఎవరి కోసమని అడిగితే "నాకోసమే" అంది. ఇకమీదట శుక్రవారాలు వ్యాను చాయ్ హోటల్ దగ్గర ఆగుతుంది, అందరికీ చాయ్, రవి ఖర్చు. రామయ్యగారు తన రెండో ట్రిప్పు శుక్రవారం మట్టుకు తమ్ముడికి అప్పగించారు.

ప్రేమ్‌చంద్ కాకా కిందటి వారం ఇంటికొచ్చి ఒక పొట్లం పెట్టి వెళ్ళాడు. బ్యానరు రాయగా మిగిలిన గుడ్డ. నిజంగా మేలు రకమే, రెండుసార్లు తడిపినా రంగు దిగలేదు. కుర్తా కుట్టించాను, నిన్న మీటింగుకి అదే వేసుకెళ్ళాను. అమ్మ వాకిట్లో నిలబెట్టి కిందకీ మీదకీ చూసింది.

ఎరుపు నాకు నప్పింది పెదనాన్నా.

మీ ఉమ